జర వంచు

కరెంటు పోయి వచ్చేలోపల
నార్వే మేడం, నైజీరియా ప్రొఫెసరు
లేని హాల్లో లేని కుర్చీలల్ల కూసున్నరు.
నేనేమో నల్లగొండ, పానగల్లు రోడ్డు ల్యాబుల.

పాఠం నాది: బోరునీళ్లు, ఫ్లోరైడు.
కండ్లకు డబ్బా కట్టుకొని లోపలికి పోతే
నా అవతారం నిటారుగ నిలబడ్డది,
మర్రిగూడల పుట్టినంక
నేనెన్నడు నిలబడనంత నిటారుగ.

మెడ తిప్పిన. తిరిగింది!
పాఠం మరిచి
అటు ఇటు తిప్పుకుంటనే ఉన్న,
అద్దం దొరికిన పిట్ట తీరుగ.

ఆఖరికి ల్యాబు పిలగాడు లింగస్వామితోని అన్న:
"దీని నడుము జర వంచు బిడ్డా.
మోకాళ్లు గూడ."
"ఎంత సార్?"
"నన్ను చూసుకుంట వంచు."

వాని మౌసు చానసేపు కదలలే.

నార్వే మేడం చెయ్యెత్తింది:
"మీ బొమ్మ చెడిపోయిందా?"

"లేదమ్మా,
ఇది మొదటి స్లైడు."