ఒకటా, ఏడా

ఎగ్మూరులో ఒక పాత కల్యాణ మండపం.
మద్రాసు పేరు మారిన ఏడాది, నవంబరు.
లోపల ఆట. బయట వరండాలో
వరసగా మేకులు కొట్టిన పచ్చరంగు పలక,
పలక ముందు నేను, చేతిలో కొక్కెం కట్టిన వెదురు కర్ర.
పిల్లాడు చీటీ తెస్తాడు,
చదివి రేకుబొమ్మను ఎత్తి తగిలిస్తాను.
రోజుకు నలభై రూపాయలు, రెండు టీలు.

తక్కిన ఆటలకు జనం తల ఊపుతారు.
ఇళంగోవన్ ఆటకు మాత్రం
తల పట్టుకుంటారు.

మొదటి రోజు తొమ్మిదో ఎత్తుకే
రాజును నడివీధిలోకి తెచ్చాడు.
"తువ్వాలు భుజానేసుకుని ఏటికి బయల్దేరాడయ్యా"
అన్నాడు ఎతిరాజులు నాయుడు,
పెరంబూరు లోకో షెడ్డులో ఫిట్టరు,
కడుపునొప్పని సెలవు పెట్టి వచ్చినవాడు.
గెలిచాడు.
రెండో రోజు ముప్పావుగంట ఆలోచించి
బయటికొచ్చిన గుర్రాన్ని తిరిగి పుట్టింటికి పంపాడు.
పట్టమ్మాళ్ టీచర్ గొడుగు నేలకేసి కొట్టింది.
ఓడాడు.
మూడో రోజు జనం రెట్టింపు.

ఓడితే తిడతారు సరే,
గెలిచినా తిడతారు:
ఎలా గెలిచాడో మాకు తెలియకుండా గెలుస్తాడా అని.
సౌకార్‌పేట గొడుగుల జవంత్‌రాజ్
ఎత్తెత్తుకీ టీ పందెం కాస్తాడు,
ఎత్తెత్తుకీ ఓడతాడు,
"నలభై ఏళ్ళ వ్యాపారంలో
ఇట్లాంటి బాకీదారుని చూడలేదు" అంటాడు
సంతోషంగా.

అయిదో రోజు వాన.
చీటీ తడిసి వచ్చింది.
ఏనుగు, జి, ఆ పక్కన ఒక గీత.
ఒకటైతే ఏనుగు వెనక్కి, సొంత వరుసకి.
ఏడైతే బంటును తొక్కి
నల్లరాజు గుమ్మంలోకి, చచ్చేందుకు.
ఇంకెవరి చీటీ అయినా
వెనక్కి పంపి అడిగేవాణ్ణి.
ఏడు అనుకున్నాను.
అనుకోవడం కాదు,
ఏడు కావాలనుకున్నాను.

కాసేపు వరండా రేకుల మీద వాన చప్పుడే.
తర్వాత నాయుడు "ఓరి నీ" అని
వాక్యం పూర్తి చేయలేకపోయాడు.
షెర్లీ అనే కాలేజీ అమ్మాయి
జేబు బల్ల తెరిచి వేళ్ళు వణుకుతుండగా చూపించింది:
రాజు తింటే శకటు, ఆపైన మంత్రి,
మూడెత్తుల్లో ఆటకట్టు.
కాదు నాలుగన్నారు ఎవరో.
లెక్క మీద కొట్టుకున్నారు,
ఏనుగును మాత్రం ఎవరూ అనుమానించలేదు.
వెనక నిలబడ్డ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.
పదకొండు నిమిషాలు
అందరూ అందరికీ టీ ఇప్పించారు.

"అన్నా, అది ఏడు కాదు. ఒకటి."
పిల్లాడు ఏడుపు గొంతుతో.

ఆ ఏనుగు బరువు రేకుముక్కంత.
కొక్కెం రెండుసార్లు జారింది.

ఒక్కరూ నన్నేమీ అనలేదు.
"భయపడ్డాడు" అంది టీచర్.
"పెళ్ళి కుదిరిందేమో" అన్నాడు జవంత్‌రాజ్.
"కడుపునొప్పి ఇప్పుడు నిజంగానే వచ్చింది" అని
నాయుడు షిఫ్టుకి వెళ్ళిపోయాడు.
తప్పు నాది,
తిట్లు ఆయనకి.
అరవై రెండో ఎత్తుకి చేతులు కలిపారు, సరిసమానం.

బొమ్మలు విప్పుతుంటే వచ్చాడు,
ప్యాంటు మడిచి, చెప్పులు చేతపట్టుకుని.
"మధ్యలో ఎందుకు అరిచారు? లోపలికి వినబడింది."
చెప్పాను.
"పెట్టు."
గుర్తున్నంతవరకు బొమ్మలన్నీ మళ్ళీ పెట్టి
ఏనుగును ఏడులో తగిలించాను.
పెన్ను మూతతో చెవి గోక్కుంటూ
చాలాసేపు నిలబడ్డాడు.
"రాజు తినడు. పక్కకి జరుగుతాడు.
నేను ఓడిపోతాను."

నాలుగడుగులు వేసి
వెనక్కొచ్చి ఇంకోసారి చూశాడు.
"ఆ పిల్లాడి దస్తూరీ బాగుంది" అని
వంటింటి దారిన, అంట్లు తోమేవాళ్ళ మధ్య నుంచి
వానలోకి దిగిపోయాడు.

ముందు గేటు దగ్గర
టీచర్ గొడుగు, ఇంకో పది గొడుగులు
అప్పటికీ ఆయన కోసం నిలబడే ఉన్నాయి.