ఎన్నేండ్లు

పగిలిన అద్దం మార్చి ఫోను ఆన్ చేస్తే
ఆట అడిగింది: నీకెన్నేండ్లు?
చెన్నకేశులు బొటనవేలితోని ఒక్క తోపు తోసిండు,
అంకెలు గిర్రున తిరిగి
పందొమ్మిదొందల డెబ్బై రెండు కాడ ఆగినయ్.
"తాత ఈడు పెట్టినవేందిరా?"
"ముసలోనికైతే అన్ని తుపాకులు ఇస్తదన్నా."

ఇదే ఆటకు
ఒక దేశంల పన్నెండు సాలట, పక్క దేశంల పదహారట,
నెత్తురు పచ్చగ కారితే ఇంకోకాడ ఏడేండ్లకే సరేనట.
పెద్ద బల్ల సుట్టు కూసున్నోళ్లకు
ఇంకా ఒక్క అంకె కుదరలేదట.

నాకు నవ్వొచ్చింది.
వీని ఈడు మీద కల్వకుర్తిలనే కుదరలేదు.
బడి రిజిస్టర్ల జూన్ ఒకటి,
అది హెడ్‌మాస్టర్ పెన్ను కన్న పుట్టినరోజు.
గద్వాల సీడుపత్తి క్రాసింగుకు
మేస్త్రి నోట్ల పదిహేను నిండినయ్.
వాళ్లమ్మ బుడ్డమ్మనడిగితే
"రెండో బోరు గూడ ఎండిన ఏడు,
కందులు కొట్టే దినాలల్ల" అంటది.
గా లెక్క ఏ గడిల నింపాలె?

వెల్దండ బస్సు హారన్ కొట్టింది.
తాత ఈడును జేబుల ఏసుకొని
హాఫ్ టికెట్ చిల్లర పిడికిట్ల పట్టుకొని
ఉరికిండు.