తప్పు చెంప మీద పుట్టుమచ్చ

బుచన్‌లో, చేపల గిడ్డంగి పైన, మూడో అంతస్తు.
ముప్పై ఎనిమిది మందిమి. తెల్ల నూలు గ్లవుజులు,
కింద నుంచి వెలిగే బల్లలు.
రొట్టెల దుకాణం నడిపే ఆరు ఉడతలకి
పారదర్శకపు షీటు వెనక వైపు నుంచి రంగులేసేవాళ్లం.
తోకకి నూట పన్నెండో నంబరు గోధుమరంగు,
నాలుకకి ముప్పై.
అదంతా సముద్రం అవతల ఎవరి పిల్లలకో,
శనివారం పొద్దున, పాలగిన్నెల ముందు.

బొమ్మల కట్టతో పాటు చీటీలొచ్చేవి.
మూడో ఉడత తలుపు తీయగానే
జుట్టు ఒక కంటి మీదికి, చిటికెన వేలు గాల్లోకి,
ఆ పాటగాడిలా.
ఏ పాటగాడు?
మేనేజరు ప్యో గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ
"ఎవడైతే మనకేం, వేళ్లు లెక్కపెట్టు. నాలుగే ఉండాలి" అనేవాడు.
నాలుగే ఉంచాను.
నవ్వు ఎక్కడొస్తుందో తెలియకుండానే
నవ్వుని మూటకట్టి రాత్రి రెండింటి విమానానికి పంపాను,
ఎవరి పెళ్లో తెలియకుండా వంట వండినట్టు.

ఇంకోసారి ముసలి నక్క ఒకటి
కదిలే రైలు కిటికీలోంచి ఒక్క చేతి గ్లవు జారవిడిచింది.
ఏదో పాత సినిమాలో ఊరంతా ఏడ్చిన సీనట.
పెద్దవాళ్లకి తెలుస్తుందట.
పిల్లలకి మాత్రం గ్లవు పారేసుకున్న నక్క.
నేనూ ఆ పిల్లల వరసలోనే కూర్చున్నాను.

మా నాన్న సోరే థియేటర్‌కి సినిమా బోర్డులు వేసేవాడు.
రెండంతస్తుల ఎత్తు మొహాలు.
నిచ్చెన మీద నిలబడి కన్ను దిద్దుతుంటే
ముక్కు ఎటుందో కనపడదు కదా.
అందుకే ప్రతిసారీ ఆ హీరోయిన్ పుట్టుమచ్చ
ఎడమ చెంప నుంచి కుడి చెంపకి దాటేది.
ముల్లంగులమ్మే హ్వాంగ్ బామ్మ
బోర్డు కింద తల పైకెత్తి
"మళ్లీ ఇల్లు మారిందే" అనేది.
వీధి వీధంతా నవ్వేది, నాన్న కూడా.
తర్వాత థియేటర్ పడగొట్టారు.
ఆ మొహాలు కోళ్లగూళ్లకి పైకప్పులయ్యాయి,
వానని ఆపాయి, కొన్నేళ్లు.

నూట నలభై ఏడో సీనులో
పిండి బస్తా ఒకటి బోసిగా ఉంది.
దానికి చీటీ లేదు.
అర్ధరాత్రి దాటింది, నూడుల్స్ గిన్నె మీద ఆవిరి.
ఆ బస్తా మీద ఆమెని వేశాను.
కుడి చెంప మీద చుక్క.
పదకొండు ఫ్రేములు. అర సెకను కూడా లేదు,
రెప్ప వేస్తే పోతుంది.
ప్యో గారు చూశాడు. ఆయన పుట్టిందీ ఆ వీధే.
ఉడత వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టి
మాట్లాడకుండా షీటు పక్కన పెట్టాడు.

మొన్న ఒకతనొచ్చాడు. డెస్మండ్ అట.
నలభై దగ్గర పడ్డ ఆ పాలగిన్నెల పిల్లాడు.
నోటుపుస్తకంలో, ఉడతల కథలో దాచిన ప్రతి చమత్కారం,
ఎన్నో నిమిషం, ఎన్నో సెకను.
ఫోనులో ఆ పాటగాణ్ణి చూపించాడు.
జుట్టు కంటి మీద, వేలు గాల్లో.
ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యంగా నవ్వాను,
మోకాలి నొప్పి మర్చిపోయి నవ్వాను.
గ్లవు సంగతి చెబుతుంటే అతనికే గొంతు పట్టేసింది.

పేజీ తిప్పాడు.
నూట నలభై ఏడు: పిండి కంపెనీ గుర్తు.
చెంప మీద మరక. రంగు వేయడంలో తప్పు.
దుబాసీ పిల్ల చదివి వినిపించింది.
సరేనా అని అడిగాడు, పెన్ను పట్టుకుని.

అవును, తప్పే, అన్నాను.
నాది కాదు. మా నాన్నది.

ఆ పిల్ల అతనికి ఏమని చెప్పిందో తెలీదు.
చాలాసేపు ఏదో రాసుకున్నాడు.
బార్లీ టీ చల్లారిపోయింది.
గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ
ఒక్కసారి ఆగి నా మొహం వైపు చూశాడు,
ముందు ఎడమ చెంప,
తర్వాత కుడి.