సొన వాసన

జూన్ నెల, రాత్రి షిఫ్టు.
చిత్తూరు దాటినాక పల్ప్ ఫ్యాక్టరీలో
తోతాపురి కాయలు బెల్టు మీద పోతా ఉంటాయి.
మచ్చది ఎడమకి, పచ్చిది కుడికి.
చేతులకు ఆ మాత్రం పని చాలు.
నోరు ఖాళీ.

ఎదురుగా షబీరా, మురకంబట్టు నుంచి వస్తుంది.
ఆమె క్యారియర్లో అడుగు గిన్నెలో కూడు ఉండదు,
క్యాలెండరు కాగితం అట్ట వేసిన నవల ఉంటుంది.
"ఏం చదివినావు మే?" అంటాను.
మోటారు మోతలో కథ
కాయకొక మాట లెక్కన నన్ను చేరుతుంది.

మొన్నటిది మంత్రాల కథ.
ఆ రాజ్యంలో అప్పు పుట్టాలంటే
నీడను కుదవ పెట్టాలంట.
రాణి తన నీడనిచ్చి వాన తెచ్చింది.
వడ్డీ కట్టలేక, ఎవరికీ నీడ ఉండని
మిట్టమధ్యాహ్నం మాత్రమే బయటికొస్తుంది.
"మొదటి యాభై పేజీలు నత్తనడక,
వదిలిపెడితే నా మీద ఒట్టు" అనింది షబీరా.
ఆ వారమంతా మా వరసలో ముగ్గురికి
గ్రూపు లోను వాయిదా
మాటిమాటికీ గుర్తొచ్చింది.

అంతకు ముందుది నేను చెప్పింది.
చంద్రుడి మీద ఆసుపత్రి, తొలి కాన్పు.
రాసినాయనకు పురుడంటే ఏమీ తెలీదు.
అయినా చదవమన్నా,
ఆ ఒక్క చాప్టరు ఎగరగొట్టి.

ఈ నెలది ఓడ.
మూడు వందల ఏండ్లు పోవాల చుక్కల్లో.
భూమిని మరిచిపోకుండా
మనిషికొక వాసన అప్పజెప్పినారు.
ఒకడికి తడిసిన కుక్క.
ఒకామెకు ఆరిన పొయ్యి.
చచ్చేలోపల ఇంకొకరికి
మాటల్తోనే దాన్ని ఇచ్చిపోవాల.
"ఆఖర్న ముసలామె పాప చెవిలో చెప్తుంది చూడు,"
షబీరా గొంతు చించుకునింది,
"మామిడి సొన..."
కడిగే తొట్లోకి నీళ్ళు వదిలినారు.
మిగతాది కొట్టుకుపోయింది.

నాలుగు దినాలు అదే ధ్యాస.
మణికట్టు మీద సొన పడి పొక్కిన చోట
గోక్కోకుండా వాసన చూసుకున్నా.
కిరసనాయిలుకీ తేనెకీ మధ్య ఎక్కడో ఉంది.
పదేండ్లుగా నేను సోపుతో రుద్ది పారబోసింది
ఎవరో చుక్కల దాకా మోసుకుపోయినారే!

పుస్తకం అడిగి తెచ్చుకున్నా.
కట్టమంచిలో మిద్దె మీద, సెల్ లైటు
సగం నాకు, సగం పురుగులకు.
రెండు రాత్రుల్లో అయిపోయింది.
ముసలామె ఉంది. పాప ఉంది. చెవి ఉంది.
చెప్పింది మాత్రం
తుప్పు పట్టిన ఇనుము వాసన.
వెనక్కి తిప్పినా, మళ్ళీ ముందుకు తిప్పినా.
మామిడి అనే మాటే లేదు.

"నేనెప్పుడు చెప్పినా సొనని?
ఇనుమనే అంటి. నువ్వే అట్ట వినుంటావు."
షబీరా అబద్ధమాడే మనిషి కాదు.
నా చెవులు అంత చెడిపోలేదు.
మధ్యలో ఉండేది బెల్టు.
దాన్ని అడిగేదెట్ట?

ఇనుము కూడా తప్పేం కాదులే.
రాసినోళ్ళ ఊర్లో
తోటలు లేవేమో.

నిన్న ఒక పిల్ల కొత్తగా చేరింది,
గుడిపాల కోమల, ఇంటర్ తప్పింది.
"కథలు చదివితే ఏమొస్తుందక్కా?" అనింది.
ఓడ కథ మొదలుపెట్టినా.
కుక్క చెప్పినా, పొయ్యి చెప్పినా.
ముసలామె పాప దగ్గరికి వంగే చోట
షబీరా చేతిలో కాయ అట్నే ఆగిపోయింది.
నన్నే చూస్తా ఉంది.
మూడు మచ్చకాయలు తప్పించుకుని
మంచివాటితో కలిసి పోయినాయి.

చెప్పేసినా.

కోమల గ్లవుజు తీసి
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకునింది.
సూపర్వైజరు కేకేసినా తియ్యలేదు.
"ఈ పుస్తకం యాడ దొరుకుతుందక్కా?"

నాకు మాట రాలేదు.
షబీరానే అనింది,
కాయను ఎడమకి నెట్టతా:
"నా క్యారియర్లో ఉంది.
అడుగు గిన్నె."