పది సెంటీమీటర్ల ఆకలి

లీడ్స్‌లో మంగళవారం. ముసురు.
పదిహేడో నంబరు డోరీన్, బస్సు డ్రైవరు,
పరగడుపున వచ్చి మఫిన్ తింది.
లోపల వెన్నో, ఆలివ్ నూనో, కొబ్బరి నూనో
తనకి తెలీదు. నాకూ చెప్పరు.

గంటకోసారి ఒక గీత ఇస్తాను.
ఈ కొసన "అస్సలు లేదు", ఆ కొసన "నకనక".
ఎక్కడుందో ఆకలి, పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.

మధ్యాహ్నం పాస్తా, తినగలిగినంత.
మిగిలింది నేను తూస్తాను.
పోయిన వారం నూట పన్నెండు గ్రాములు.
ఇవాళ పళ్లెం అద్దంలా ఉంది.

"ఏం, ఇంతాకలా?"
అడక్కూడదు. అడిగాను.
"రూటు మార్చారు. మూడింటికే లేచా."

ఫారంలో ఆ గడి లేదు.
మార్జిన్‌లో రాశాను, సన్నగా,
చెరిపినా తెలీనంత.

అందరూ వెళ్లాక
ట్రేకి అంటుకున్న మఫిన్ పెచ్చు గీరి
నోట్లో వేసుకున్నాను.

వెన్నే.
అనుకుంటా.