మంచు మీద రూపాయి

పొద్దుగల ఐదింటి బస్సు నాది,
దేవరకొండ నుంచి పట్నం.
అందుకే నా బిడ్డ బుధవారం తినే బువ్వ
ఆదివారమే ఉడుకుతది.

పెసరపప్పు, గుప్పెడు బియ్యం,
ఆనిగెపుకాయ ముక్కలు, చెక్కు తీసిన క్యారెట్టు.
ఉప్పు లేదు, చక్కెర లేదు.
"సప్పిడి కూడు" అని మూతి తిప్పుతది
మా అత్త అండాలమ్మ.
ఏడు నెలల నాలుకకు అదే పండుగ అంటే ఇనదు.

ఫిల్టరు నీళ్లే పోస్త.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన పండ్లు నావి,
నవ్వితే గోధుమరంగు చారలు.
కంటికి ఆననిది ఎంత పని చేస్తదో
మా దిక్కు ఎవ్వలూ చెప్పనక్కర్లే.

మెత్తగ మెదిపి, వెడల్పు పళ్లెంల పరిచి,
పళ్లెం కింద చల్లనీళ్ల తాంబాళం పెడ్త.
సలసల కాగేది ఫ్రీజర్ల పెట్టొద్దు,
పొయ్యి గట్టు మీద మర్చిపోనూ వద్దు.
ఆవిరి పోయేదాక పక్కనే నిలబడ్త.

ఆరినంక ఐసు ట్రేలకు గంటెతో నింపుత.
పన్నెండు గుంటలు, పన్నెండు సీట్లు,
ఎవ్వలూ నిలబడి పోయేది లేదు.

గట్టిపడ్డ గడ్డల్ని డబ్బాలకెత్తి
టికెట్ మిషన్ కాగితం ముక్క చింపి అంటిస్త.
మిషన్ అచ్చు నెలకే ఎలిసిపోతది,
వెనుక నా పెన్ను రాత ఉంటది:
పప్పుబువ్వ, పద్నాలుగు. గుమ్మడికాయ, పదహారు.
ముందు ఎక్కింది ముందు దిగాలె.
నెల దాటితే ఆ టికెట్ చెల్లదు.

రాత్రి రెండు గడ్డలు కింది అరకు దించుత.
పొద్దున అత్త పొగలు కక్కేటట్టు వేడి చేసి
చల్లార్చి పెడ్తది.
ఒక్కసారే వేడి. రెండోసారి లేదు.
చెంచా ఎంగిలైంది మళ్ల డబ్బాలకు పోదు.

దాని మీదనే మొదట్ల లొల్లి అయింది.
"బువ్వ పారబోస్తర ఎవలన్న?
కరువుల ఒక్క జొన్నగట్క
మూడు పూటలు తిన్న నేను."
పారబోయలే ఆమె.
రోజూ పగటీలి గిన్నెల మిగిలిన రెండు చెంచాలు
కారం కలుపుకొని తనే తినేది.
నేను అడగలే, ఆమె చెప్పలే.

డిపోల మెకానిక్ సలీమన్న ఒక ఉపాయం చెప్పిండు.
చిన్న గ్లాసుల నీళ్లు గడ్డకట్టిచ్చి
పైన ఒక రూపాయి బిళ్ల పెట్టు, అక్కా.
కరెంటు పోయి, కరిగి, మళ్ల గడ్డకడితే
గడ్డ అబద్ధమాడ్తది,
బిళ్ల ఆడదు.

నా చిల్లర సంచిల నుంచి ఒకటి తీసి పెట్టిన.
"ఫ్రిజ్జుకు కూడ టికెట్ కొట్టినవా" అని నవ్వింది అత్త.

మొన్న రోహిణిల గాలిదుమారం.
నాకు పట్నంల నైట్ హాల్టు.
సందెల పోయిన కరెంటు
కోడికూతకు వచ్చిందంట.
పగటీలికి ఇల్లు చేరి ఫ్రీజర్ తెరిచిన.
డబ్బాలు లేవు.
పదిహేడు గడ్డలు,
ఆదివారం మొత్తం,
నా ఒక్క వీక్లీ ఆఫు.
కడిగిన డబ్బాలు గట్టు మీద బోర్లించి ఉన్నయి.

"గట్టిగనే ఉండెగద అత్తా?"
"గట్టిగనే ఉండె."
"మరి?"
గ్లాసు తెచ్చి నా చేతుల పెట్టింది.
అడుగున, మంచు కింద,
చెరువుల పడ్డ ముక్కుపుడక లెక్క
రూపాయి.

"అక్షరం రాదుగని బిళ్ల మునిగిందో లేదో
నాకు ఎరుకగాదా" అన్నది.
కొంచెం ఆగి,
"నేను సుత తినలే" అన్నది.

సంచిల రోజూ వేల రూపాయలు
ఎక్కి దిగుతయి నా దగ్గర.
ఆ గ్లాసును నల్లా కింద పట్టుకొని
ఒక్క రూపాయి కోసం ఎంతసేపు నిలబడ్డనో.

పొయ్యి మీద పప్పు ఇంకా పలుకున్నది.
శ్రీనిక ఖాళీ డబ్బా ఒకటి ఒళ్లో పెట్టుకొని
చెంచాతోటి
ఊకె కొడ్తున్నది.