వెనక్కి వాలిన గీతలు

రువీలో రాత్రి పదకొండు.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్క చుక్క.
పోశెట్టి ఫోటో నా మెషీన్లో నవ్వుతోంది.
గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్లో మాత్రం
విరిగిన బొమ్మ గుర్తు.

తప్పు నాదే.
డీ డ్రైవు, కార్మికులు, క్యాంపు నాలుగు, పోశెట్టి:
అది సర్వర్ తనలో తాను గొణుక్కునే దారి.
బయటివాడికి లోపలి గుమ్మాల లెక్కెందుకు?

మొదలు కత్తిరించాను.
వెనక్కి వాలిన గీతల్ని
ఒక్కోటీ ముందుకు వంచాను.
ఇంటిపేరుకీ పేరుకీ నడుమ ఖాళీ
శాతం ఇరవై అయి కూర్చుంది.
అన్నిటికీ ముందు కంపెనీ పేరు తగిలించాను.
గేటులో నవ్వు తెరుచుకుంది.

పొద్దున్నే వచ్చాడు, పార్సిల్ చీటీతో.
"అడ్రసేం రాయాలె మేడమ్?"
నువ్వుండేదెక్కడ?
"కోల్డ్ స్టోర్ ఎనుక, మూడో కంటెయినర్, మీది మంచం.
కిటికీ దిక్కు తలకాయ."

కంపెనీ పేరు రాశాను, కింద
పోస్టుబాక్సు నంబరు.
ఇక్కడ ఉత్తరాలు అంతవరకే వస్తాయి.

కూడబలుక్కుని చదివాడు.
"గిండ్ల నేనేడున్న?"

జవాబు కోసం ఆగలేదు.
నా పెన్నే తీసుకుని
అంచున, ఖాళీ దొరికినచోట,
వంకరగా రాసుకున్నాడు:
మీది మంచం.